హంసలదీవి అని రాస్తే సరిపోయేది

"మన ప్రశ్న వచ్చిందండీ," అన్నారు ఆపరేటరు గారు.

సోమవారం సాయంత్రం. నేను బందరులో, బావగారు గుడివాడలో, మాస్టారు అవనిగడ్డలో రిసీవర్లు చెవులకు ఆనించుకుని ఉన్నాం. ఆవిడ బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని మా ముగ్గురినీ ఒకే లైనులో కలిపారు. ముందురోజే విజయవాడ వెళ్ళి ప్రమోషన్ పరీక్ష రాసి వచ్చారు.

ఏ ప్రశ్న అని బావగారు అడిగారు.

"కృష్ణానది సముద్రంలో ఎక్కడ కలుస్తుంది అని."

బావగారు నవ్విన నవ్వుకి రిసీవరు చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. "ఇంకేం. హంసలదీవి. ఒక్క మాట. రాసేసుంటావు."

"రాశానండీ," అన్నారు ఆవిడ. "తర్వాత కొట్టేశాను."

"కొట్టేసి?"

"ఏ పాయ అన్నది ముందు తేల్చాలని రాయడం మొదలుపెట్టాను."

అవనిగడ్డ నుంచి సన్నటి దగ్గు ఒకటి వచ్చింది. "దగ్గకండి మాస్టారూ," అన్నారు బావగారు. "ఇదంతా మీ నిర్వాకమే."

అది నిజంగా ఎవరి నిర్వాకమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో నేను ఒక దినపత్రికకు బందరు విలేఖరిని. కోనేరు సెంటరు దగ్గర ఒక సాయిబుగారి బట్టలకొట్టు పైన నా గది. ఫోను మాత్రం కింద కొట్టులో ఉండేది. గుడివాడ, అవనిగడ్డ విలేఖరులు సాయంత్రం వాళ్ళ వార్తలు నాకు ఫోనులో చెబితే, నేను రాసుకుని, నావి కూడా కలిపి, విజయవాడకు ట్రంకాల్ బుక్ చేసి చదివేవాణ్ణి. గుడివాడ విలేఖరి నాకంటే చాలా పెద్దవారు. ఆయనకు ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, సినిమా కరపత్రాలు వేసేవారు. గుడివాడలో ఆయన్ని అందరూ బావగారు అనేవాళ్ళు కాబట్టి మేమూ అలాగే అన్నాం. అవనిగడ్డ విలేఖరి హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆయన సొంతూరు నాగాయలంక అవతల.

విజయవాడ లైను అడగ్గానే దొరికేది కాదు. ఒక్కోసారి గంట పట్టేది. వార్తలు చెప్పేసిన తర్వాత కూడా ఆ ఇద్దరూ ఫోను పెట్టేవాళ్ళు కాదు. నాది చదవడం అయ్యాక ఏదైనా తప్పు పోయిందేమో అని ఉండేవాళ్ళు, లేదా అలా చెప్పేవాళ్ళు. ఖాళీగా ఉన్న తీగ మీద నలుగురు మాట్లాడుకుంటే తీగ అరగదని ఆపరేటరు గారు తీర్మానించారు. నిబంధనలు ఏమంటాయో మేం అడగలేదు.

ఉప్పెన వచ్చిన ఏడు ఆ లైను మీద మేం చెప్పుకున్నవి ఊళ్ళ పేర్లు, పోయినవాళ్ళ లెక్కలు. అవనిగడ్డకు కొత్త స్తంభాలు వేసి లైను సరిచేశాక కూడా చాలాకాలం అదే. రెండో ఏడు వచ్చేసరికి వార్తలు మళ్ళీ మామూలు వార్తలయ్యాయి. కాలవ నీళ్ళు ఆలస్యం, పంచాయతీ తగాదా, మోపిదేవి గుడి దగ్గర బస్సుల రద్దీ. విజయవాడ కోసం ఎదురు చూసే ఆ గంటలో ఏం మాట్లాడుకోవాలో ఒక్కసారిగా మాకు తోచకుండా పోయింది.

అప్పుడు ఆపరేటరు గారు తన గొడవ చెప్పారు. ఆవిడ ఇల్లు గుడివాడ. భర్త అక్కడ రైసు మిల్లులో గుమాస్తా. బోర్డు డ్యూటీలు వేళాపాళా లేకుండా పడేవి కాబట్టి రోజూ రైల్లో వచ్చి వెళ్ళడం కుదరక, బందరులో చిన్న గది తీసుకుని ఉండేవారు. మూడేళ్ళ కూతురు గుడివాడలో నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్లకి ఇంట్లో ఇద్దరు అమ్మలు. నాయనమ్మని ఉత్త అమ్మ అనేది. ఈవిడని ఆదివారం అమ్మ అనేది. ప్రమోషన్ పరీక్ష పాసైతే బోర్డు వదిలేసి గుడివాడ ఆఫీసులో పగటి పూట గుమాస్తా పని దొరుకుతుంది. ఒకసారి రాశారు. అన్నిట్లో గట్టెక్కి జనరల్ నాలెడ్జి పేపరులో పోయారు.

"నాకు బందరులో ఏ డాక్టరు గారి నంబరైనా నోటికి వచ్చండీ," అన్నారు ఆవిడ. "మంగోలియా రాజధాని అడిగితే ఏం చెప్పను?"

"నంబరు ఎంగేజ్‌లో ఉందని చెప్పు అమ్మాయీ," అన్నారు బావగారు.

ఆ రోజే ఆట మొదలైంది. నియమాలు బావగారు పెట్టారు. ఒకరు అడగాలి, మిగిలినవాళ్ళు చెప్పాలి. ఎవరు ముందు సరిగ్గా చెబితే తర్వాతి ప్రశ్న అడిగే వంతు వాళ్ళది. ఎవరూ చెప్పలేకపోతే వంతు అడిగినవారి దగ్గరే ఉంటుంది. జవాబు ఒప్పో తప్పో చెప్పవలసింది అడిగినవారే. వాళ్ళ నోటితో "కరెక్ట్" అనేదాకా వంతు మారదు. గడువు ఆపరేటరు గారి చేతిలో. ట్రంకాల్ మాట్లాడేవాళ్ళకు చెప్పినట్టే, "త్రీ మినిట్స్ ఓవర్" అని మాకూ చెప్పేవారు. ఎంత దగ్గరవాళ్ళమైనా ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు సర్కారు గొంతైపోయేది.

ఇప్పుడు పిల్లలు ఆన్‌లైన్లో ఇలాంటి ఆటే ఆడుతుంటే చూస్తుంటాను. ఎక్కడెక్కడివాళ్ళో ఒకరినొకరు చూసుకోకుండా వంతులవారీగా అడుగుతుంటారు, చెబుతుంటారు. మాకున్న ఇబ్బంది వాళ్ళకు లేదు. వాళ్ళు అరవనక్కర్లేదు. మా లైనులో అరవకపోతే అవనిగడ్డకు వినబడేది కాదు. నేను కోనేరు సెంటరులో నిలబడి "బ్రెజిల్, బ్రెజిల్" అని కేకలు పెడుతుంటే చీరలు బేరమాడుతున్నవాళ్ళు చేతులాపి నావైపు చూసేవాళ్ళు. కొట్టు సాయిబుగారు మర్యాదస్తులు. ఫోను పెట్టేశాక మాత్రం, "ఏమైందండీ బ్రెజిల్లో?" అని నెమ్మదిగా అడిగేవారు. కాఫీ ఎక్కువ పండుతుందండీ అంటే, మర్నాడు పేపరులో ఆ వార్త వెతికేవారు.

బావగారి దగ్గర ఒక జనరల్ నాలెడ్జి పుస్తకం ఉండేది. దాన్ని ఆయన ఎంత చదివారంటే, ఒకసారి చేతికి వచ్చిన వంతు వారం రోజులైనా ఆయన దగ్గరే ఉండిపోయేది. మాస్టారి సంగతి వేరు. ఆయనకు తెలియక కాదు. ఏ ప్రశ్ననీ అడిగినట్టుగా ఒప్పుకోరు. ప్రపంచంలో పొడవైన నది ఏది అంటే, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారని అడిగేవారు. పెద్ద ఎడారి అంటే, మంచు ఎడారిని లెక్కలోకి తీసుకున్నారా అనేవారు. ఈలోగా త్రీ మినిట్స్ ఓవర్. మాస్టారి దగ్గర జవాబు రాబట్టాలంటే విచారణ సంఘం వెయ్యాలని బావగారు దెప్పేవారు. మాస్టారు నొచ్చుకునేవారు కారు. ఆ సంఘంలో ఎవరెవరుంటారండీ అని అడిగేవారు.

ఆపరేటరు గారు మాత్రం రోజురోజుకీ రాటుదేలారు. మంగోలియా ఆవిడకు కరతలామలకమైంది. మధ్యలో ఎవరో రోగి బంధువు డాక్టరు నంబరు అడిగితే, ఆ నంబరు కలుపుతూనే మాకు ఉలాన్ బాటర్ అని చెప్పి వంతు పట్టుకెళ్ళిన రోజు కూడా ఉంది.

పరీక్షకు కొద్ది వారాల ముందు బావగారు ఆవిడకు ధైర్యం రావాలని ఒక సులువైన ప్రశ్న అడిగారు. కృష్ణ సముద్రంలో ఎక్కడ కలుస్తుంది? ఆవిడ ఊపిరి పీల్చుకోకుండా హంసలదీవి అన్నారు. బావగారు కరెక్ట్ అనడానికి నోరు తెరిచే ఉంటారు. ఆ సందులో అవనిగడ్డ నుంచి వచ్చింది.

"ఏ పాయండీ?"

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుందని, హంసలదీవికి వెళ్ళేది అందులో చిన్న పాయేనని, పెద్ద పాయ తన ఊరి పక్కగా కిందకి వెళ్ళి సముద్రం దగ్గర మళ్ళీ చీలిపోతుందని మాస్టారు చెప్పుకొచ్చారు. నీళ్ళలో ఎక్కువ భాగం వెళ్ళే దారిని వదిలేసి తక్కువ వెళ్ళే దారిని నది అనడం ఏం న్యాయమన్నారు. పైగా ఉప్పెన తర్వాత ఇసక మేటలు ఎటు జరిగాయో తను పూచీ పడలేనన్నారు.

"మాఘ పౌర్ణమికి జనం వెళ్ళి మునిగేది ఎక్కడండీ?" అన్నారు బావగారు. "హంసలదీవిలోనా, మీరు చెప్పే చోటా? మీ దగ్గర ఎవరు మునుగుతారు?"

"మా దగ్గర పడవలవాళ్ళు మునుగుతారండీ. పౌర్ణమి దాకా ఆగరు."

నేను నవ్వాను. ఆపరేటరు గారు నవ్వలేదు. "నవ్వులాట కాదండీ. ఇంతకీ నేను ఏది గుర్తుపెట్టుకోవాలి?" అన్నారు.

బావగారు హంసలదీవి అన్నారు. మాస్టారు, రాసేటప్పుడు నిజం రాయమ్మా అన్నారు. ఆ పూట బావగారు కరెక్ట్ అనలేదు. మాస్టారు ముందు తప్పయిందని ఒప్పుకోవాలి, అప్పుడంటానన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. ఆట అక్కడ ఆగిపోయింది. వంతు గాలిలో ఉండిపోయింది. మర్నాడు నేను విజయవాడ డెస్కులో సబ్ ఎడిటరుని అడిగాను. రెండు వైపుల వాదనలూ రాసి పంపండి, ఐదు లైన్లు దాటకుండా, అన్నాడాయన.

చివరికి వెళ్ళి చూద్దామన్నారు మాస్టారు. ఒక ఆదివారం అందరం అవనిగడ్డలో దిగాం. ఆపరేటరు గారు ఆదివారాన్ని వదులుకోలేక భర్తనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చారు. రోజూ మాట్లాడుకుంటున్నవాళ్ళమే అయినా బావగారూ మాస్టారూ ఎదురెదురుగా నిలబడటం అదే మొదలు. గుడివాడంతా వినబడేలా నవ్వే బావగారు నా భుజం దాకా కూడా రారు. పీలగా దగ్గే మాస్టారు బస్సులో తల వంచుకుని నిలబడేంత పొడవు. ఆపరేటరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీ ఇద్దరి గొంతులూ తారుమారు అయ్యాయండీ, లైను క్రాసయినట్టుంది అన్నారు.

కోడూరు దాటాక బస్సు లేదు. మాస్టారు తన పాత విద్యార్థి ట్రాక్టరు మాట్లాడి ఉంచారు. తొట్టిలో గడ్డి పరిచి కూర్చున్నాం. హంసలదీవిలో గోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని సముద్రం వైపు వెళ్ళాం. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, మధ్యలో ఇసక. ఇది నది, అది సముద్రం అని గీత గీసి చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. అయినా బావగారు సొంత పొలం చూపించినట్టు చెయ్యి చాపి చూపించారు. చూడండి, కలుస్తోందా లేదా అన్నారు.

అక్కడ చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడని మాస్టారు అడిగారు, కృష్ణ కలిసేది ఇక్కడేనా అని. "ఇక్కడేనండీ," అందావిడ. బావగారు పొంగిపోయారు. "ఆ ఒడ్డునోళ్ళని అడిగితే అక్కడే అంటారండీ. ఎవరూరికి ఆళ్ళు," అని చేపలు తిరగేసుకుంది. మాస్టారు అప్పుడు పొంగారు.

బావగారు ఇక వాదన అనవసరమని చెప్పులు ఒడ్డున విడిచి, పంచె ఎగ్గట్టి, సంగమంలో కాళ్ళు తడుపుకోవడానికి దిగారు. పోటు వేళ. నీళ్ళు చడీచప్పుడు లేకుండా ఒడ్డెక్కి ఆయన ఎడమ చెప్పుని తీసుకున్నాయి. ముందు చూసింది పాప. "తాతగారి చెప్పు," అని చూపించింది. సముద్రంలోకి పోయిందనుకుని బావగారు అటు పరిగెత్తారు. చెప్పు అటు లేదు. నది మధ్యన తేలుతూ, మేం వచ్చిన దారినే, ఊరివైపు వెళ్తోంది.

మాస్టారు అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశారు.

"మీ చెప్పు అవనిగడ్డ వెళ్తోందండీ బావగారూ," అన్నారు. "నది సముద్రంలో కలుస్తోందా, సముద్రం నదిలో కలుస్తోందా, ముందు అది తేలాలి."

మేమందరం నవ్వాం. బావగారూ నవ్వారు, ఒంటి చెప్పుతో. ఆపరేటరు గారు మాత్రం పాప చెయ్యి పట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. తిరుగు ప్రయాణంలో ట్రాక్టరు తొట్టిలో నన్ను అడిగారు, ఇదంతా ఒక్క ముక్కలో రాయమంటే ఎలా రాయాలండీ అని. పేపర్లో అయితే హంసలదీవి సమీపాన అని రాసి ఊరుకుంటాం అన్నాను. అది ఆవిడకు నచ్చలేదు.

అదీ జరిగింది. పరీక్ష హాల్లో ఆ ప్రశ్న కనబడగానే, ముందు చెయ్యి దానంతటదే హంసలదీవి అని రాసేసిందట. తర్వాత చెప్పు గుర్తొచ్చిందట. హంసలదీవి కొట్టేసి, రెండు పాయలూ రాసి, పెద్ద పాయ మళ్ళీ చీలడం రాసి, పోటు వేళ సంగతి కూడా రెండు వాక్యాలు రాశారట. ఉప్పెన తర్వాత మేటలు జరిగి ఉండవచ్చునని కూడా. చెప్పు సంగతి రాయలేదు. ఒక్క మాటకు ఉంచిన ఖాళీ చాలక కాగితం అంచు మీదకి వెళ్ళారు. ఇంతా అయ్యేసరికి బెల్లు కొట్టారు. ఆఖరి రెండు ప్రశ్నలూ అలాగే ఉండిపోయాయి.

"ఏమిటా రెండూ?" అని బావగారు అడిగారు.

"ఒకటి మంగోలియా రాజధానండీ."

ఆ సాయంత్రం మాస్టారు ఫోను పెట్టేసే ముందు, "అమ్మా, నేను పాఠం చెప్పేచోట కూడా హంసలదీవి అనే చెబుతాను. పిల్లలకి మార్కులు పోతాయని," అన్నారు. మరి నాకెందుకండీ అలా చెప్పారు అని ఆవిడ అడిగారు. "నువ్వు పిల్లవి కాదు కదమ్మా," అన్నారాయన.

ఫలితాలు వచ్చేదాకా లైను మీద మేం వార్తలు చెప్పుకున్నాం, వాతావరణం చెప్పుకున్నాం. ప్రశ్నలు వేసుకోలేదు. వంతు బావగారి దగ్గరే ఉంది. ఆయన ఇంకో ప్రశ్న అడగాలంటే ముందు ఆ ప్రశ్న ముగించాలి. పాపకి మాత్రం మేమంతా ఒక ఆటబొమ్మ దొరికినట్టు దొరికాం. ఒక ఆదివారం ఆ పిల్ల వాళ్ళమ్మతో గుడివాడలో బావగారి ప్రెస్సుకి వెళ్ళి, మీ చెప్పు ఊరికి వచ్చిందా అని అడిగి వచ్చిందట.

ఫలితాలు వర్షాలు మొదలయ్యాక వచ్చాయి. ఆవిడ గట్టెక్కారు. గుడివాడ వేశారు. ఆవిడ ఆ మాట చెప్పగానే నేను అరిచిన అరుపుకి కొట్టు సాయిబుగారు అలవాటు ప్రకారం, "ఎక్కడండీ? బ్రెజిల్లోనేనా?" అన్నారు. గుడివాడలో అన్నాను. ఆయన సంతోషించి నాకు టీ తెప్పించారు.

లైను మీద అప్పుడే తగాదా మొదలైంది. కొట్టేసినా హంసలదీవి కింద కనబడుతూనే ఉంటుంది, ఆ దిద్దినాయన పుణ్యాత్ముడు, చూసి మార్కు వేసుంటాడు అన్నారు బావగారు. పాయలు చూసే వేశాడన్నారు మాస్టారు. ఆపరేటరు గారు, ఆ ఒక్క జవాబుకి సున్నా వేసినా నేను పాసయ్యే ఉంటానండీ, మిగిలినవి మీ దయవల్ల బాగా రాశాను అన్నారు. ఇద్దరికీ అది నచ్చలేదు. మార్కుల కాగితం చూద్దామన్నారు. చూశాం. అందులో మొత్తం మాత్రమే ఉంది.

ఆవిడ బోర్డు మీద కూర్చున్న ఆఖరి రోజున నేను బావగారిని బతిమాలాను, ఇప్పుడైనా కరెక్ట్ అనండి, ఆ వంతు ఆవిడ తీసుకుని వెళ్తారు అని. మాస్టారిని ఒక్కసారి హంసలదీవి అనమనండి, అంటానన్నారు బావగారు. మాస్టారు, ఏ పాయ అని అడగనివ్వండి, అంటానన్నారు. ఇద్దరూ ఫోను పెట్టేయలేదు. చివరికి ఆపరేటరు గారే సర్కారు గొంతుతో, "త్రీ మినిట్స్ ఓవర్," అన్నారు. లైను తీసేశారు.

గుడివాడ వెళ్ళిన మొదటి సోమవారం సాయంత్రం ఆవిడ ఇంటికి వస్తే, పాప ఎదురొచ్చి ఇవాళ ఆదివారమా అని అడిగిందట. ఆ సంగతి ప్రెస్సుకి వచ్చి బావగారికి చెబితే, ఆయన నాకు వార్తలతో పాటు చెప్పారు. రాసుకోకండి, ఇది వార్త కాదు అన్నారు.

ఆ ఎక్స్ఛేంజి బోర్డు తర్వాత తీసేశారు. బావగారు, మాస్టారు ఇద్దరూ ఇప్పుడు లేరు. బావగారు పోయేలోపు నేను రెండు మూడుసార్లు ఆ ప్రశ్న కదిపాను. చెప్పు దొరికితే చెబుతానన్నారు. కరెక్ట్ అనవలసింది ఆయన ఒక్కరే. అనలేదు. తర్వాతి ప్రశ్న అడిగే వంతు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.